షిన్‌చాన్‌లో ‘చాన్’ పేరు కాదు.. జపాన్‌లో ‘గారు’ ఎప్పుడు తగిలించాలి? ఎప్పుడు తీసేయాలి?

పిల్లలున్న ఇంట్లో షిన్‌చాన్ ఎవరో కొత్తగా చెప్పక్కర్లేదు. టీవీలో, ఫోన్‌లో రోజూ అల్లరి చేస్తూ కనిపించే ఐదేళ్ల బుడ్డోడు. కానీ వాడి పేరు షిన్‌చాన్ కాదు. అసలు పేరు షిన్నోసుకే, ఇంటిపేరు నొహారా. పేరులోంచి ‘షిన్’ అన్న ముక్క తీసుకుని, దాని వెనకాల ‘చాన్’ తగిలించారు. మన ఇళ్లలో ‘చిట్టి’, ‘బుజ్జి’ అని పిలిచేటప్పుడు ఉండే ముద్దు ఆ చిన్న తోకలో ఉంటుంది.

డోరేమాన్‌లో ఇంకా తమాషా ఉంది. జపనీస్ ఒరిజినల్‌లో నొబితాని డోరేమాన్ ‘నొబితా-కున్’ అంటాడు. షిజుకా ‘నొబితా-సాన్’ అంటుంది. రౌడీ పిల్లాడు జియాన్ మాత్రం ఏ తోకా లేకుండా ‘నొబితా!’ అని అరుస్తాడు. కుర్రాడు ఒక్కడే, పిలుపులు మూడు. కథ ఏమాత్రం తెలియని జపాన్ వాళ్లు కూడా ఈ మూడు పిలుపులు వింటే చాలు, ఎవరికి ఎవరు ఎంత దగ్గరో, ఎవరు ఎవరి మీద పెత్తనం చేస్తున్నారో చెప్పేస్తారు. డబ్బింగ్‌లో ఈ తోకలు చాలావరకు ఎగిరిపోతాయి కాబట్టి మన పిల్లలకు ఆ సంగతి తెలియదు.

కార్టూన్ వరకైతే సరదాగానే ఉంటుంది. ఉద్యోగానికి వెళ్లినవాళ్లకు మాత్రం ఇది రోజూ ఎదురయ్యే పరీక్ష. జపాన్ 2019 ఏప్రిల్‌లో ప్రత్యేక నైపుణ్య కార్మికుల వీసా తెచ్చింది. 2021 జనవరిలో దీనిపై భారత్‌తో ఒప్పందం కుదిరింది. 2025 ఆగస్టులో రెండు దేశాల ప్రధానుల భేటీలో, ఐదేళ్లలో ఇరువైపులా కలిపి 5 లక్షల మంది రాకపోకలు సాగించాలని, అందులో భారత్ నుంచి 50 వేల మంది నిపుణులు జపాన్ వెళ్లాలని లక్ష్యం పెట్టుకున్నారు. తెలుగు రాష్ట్రాల నుంచి ఐటీ ఉద్యోగాలకు, వృద్ధుల సంరక్షణ కేంద్రాలకు వెళ్లేవాళ్లు ఇప్పటికే ఉన్నారు. వాళ్లంతా భాషా పరీక్షకు కంజీ అక్షరాలు బట్టీ పడతారు, వ్యాకరణం నేర్చుకుంటారు. తీరా అక్కడ దిగాక ఇబ్బంది పడేది ఎదుటివాళ్ల పేరు పలకడం దగ్గర.

పేరు చివర తోక పెట్టకపోతే ఏమవుతుంది?

జపనీస్‌లో పేరును ఒట్టిగా పిలవడానికి ఒక మాటే ఉంది. ‘యోబిసుతే’. విడదీస్తే పిలిచి పారేయడం అన్నట్టు ఉంటుంది. బాగా దగ్గరి స్నేహితులు, భార్యాభర్తలు, తల్లిదండ్రులు పిల్లలను.. వీళ్లు ఒట్టి పేరుతో పిలిస్తే చనువు. మిగతా ఎవరు పిలిచినా అవమానం కిందే లెక్క. ప్రేమలో ఉన్న జంట ‘సాన్’ వదిలేసి ఒట్టి పేరుకు రావడమంటే అదో మెట్టు ఎక్కినట్టే. ‘ఇక తోక లేకుండా పిలువు’ అని ఒకరు నోరు తెరిచి చెప్పాకే రెండోవాళ్లు మారడం కూడా మామూలే.

కాబట్టి కొత్తవాళ్లకు మొదటి నియమం చాలా తేలిక. ఇంటిపేరు, దాని వెనక ‘సాన్’. ఆడ, మగ తేడా లేదు. పెళ్లైందా లేదా అన్న గొడవ లేదు. తనాకా-సాన్, సుజుకి-సాన్. తెలుగులో సాన్ అని రాస్తున్నా, పలికేటప్పుడు దీర్ఘం లాగకూడదు. ‘సన్’కు దగ్గరగా, చప్పున తేల్చేయాలి.

సొంత పేరుకు మాత్రం తగిలించుకోకూడదు. ‘నేను సురేశ్-సాన్‌ని’ అంటే, ‘నేను సురేశ్‌గారిని మాట్లాడుతున్నా’ అన్నట్టే ఉంటుంది. ఇక్కడివరకు తెలుగువాళ్లకు పెద్ద కష్టం ఉండదు. ‘గారు’ కూడా పేరు వెనకే వస్తుంది, మనమూ దాన్ని సొంతానికి వాడుకోం.

ఇంటిపేరు ముందుండటం కూడా మనకు కొత్త కాదు. జపాన్ వాళ్లూ ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత రాసుకుంటారు. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు మాత్రం చాలాకాలం తిరగేసి రాశారు. 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ పత్రాల్లో ఇంగ్లిష్‌లోనూ ఇంటిపేరే ముందు రావాలని జపాన్ ప్రభుత్వం నిర్ణయించింది. తేడా ఏంటంటే, మన దగ్గర ఇంటిపేరు పెట్టి పిలవడం అరుదు. అక్కడ అదే మామూలు పిలుపు. ఎన్నో ఏళ్లు పక్క సీట్లో పనిచేసినవాళ్ల సొంత పేరు నోటితో ఒక్కసారి కూడా పలకని ఉద్యోగులు అక్కడ ఉంటారు. ఒకే సెక్షన్‌లో ఇద్దరు సాతోలు ఉంటే అప్పుడు సొంత పేరు వాడక తప్పదు. సాతో అనేది అక్కడ అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే ఇంటిపేరు కాబట్టి ఆ అవసరం తరచూ పడుతుంది.

బాసుకు ‘సాన్’ పెడితే క్లయింట్ ఎందుకు నొచ్చుకుంటాడు?

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. టోక్యోలో ఓ ఐటీ ఆఫీసు అనుకుందాం. హైదరాబాద్ నుంచి వెళ్లిన కుర్రాడు సీట్లో ఉన్నాడు. మేనేజర్ తనాకా. వయసులో ఇరవై ఏళ్లు పెద్ద. కుర్రాడు రోజూ ఆయన్ని ‘తనాకా-సాన్’ అనే పిలుస్తాడు. ఫోన్ మోగింది. అవతల క్లయింట్ కంపెనీ మనిషి. తనాకా ఉన్నారా అని అడిగాడు. కుర్రాడు చాలా మర్యాదగా, ‘తనాకా-సాన్ బయటికి వెళ్లారండీ’ అన్నాడు.

తప్పైంది. మర్యాద తక్కువై కాదు, ఎక్కువై.

బయటివాళ్లతో మాట్లాడుతున్నప్పుడు సొంత కంపెనీ మనిషి ఎంత పెద్దవాడైనా ‘సాన్’ తీసేయాలి. ‘తనాకా ఇప్పుడు సీట్లో లేడు’ అన్న అర్థం వచ్చేలా, ‘తనాకా వ తదాయిమ సెకి ఒ హజుషితే ఒరిమాసు’ అనాలి. అందులో ‘ఒరిమాసు’ అనే క్రియ కూడా తమవాళ్లను తగ్గించి చెప్పేదే. తనాకా పక్కనే నిలబడి వింటున్నా సరే, ఏమీ అనుకోడు. పైగా కుర్రాడు పని నేర్చుకున్నాడని లోలోపల సంతోషిస్తాడు. కంపెనీ చైర్మన్ గురించి చెప్పేటప్పుడైనా ఇదే పద్ధతి.

దీని వెనక ‘ఉచి’, ‘సొతో’ అని రెండు మాటలున్నాయి. ఉచి అంటే లోపల, ఇల్లు, మనవాళ్లు. సొతో అంటే బయట. మాట్లాడుతున్న క్షణంలో తనవైపు ఉన్నవాళ్లందరినీ తనతో సమానంగా తగ్గించుకోవాలి, ఎదుటివైపు ఉన్నవాళ్లను పెంచాలి. తన పేరుకు తోక పెట్టుకోకూడదన్న నియమమే సాగి, తన ఇల్లు, తన ఆఫీసు వరకు వచ్చిందన్నమాట.

తెలుగువాళ్లకు ఇదే మింగుడు పడదు. మన ‘గారు’ మనిషితోపాటు తిరుగుతుంది. ‘మా నాన్నగారు’, ‘మా మాస్టారుగారు’, ‘మా ఎండీగారు’.. ఎవరి ముందు చెప్పినా గారు గారే. పరాయివాళ్ల ముందు ‘మా నాన్న వచ్చాడు’ అంటే పెంపకం బాగాలేదంటారు. జపనీస్‌లో గౌరవం మనిషికి అతుక్కుని ఉండదు. ఎవరు వింటున్నారన్నదాన్ని బట్టి వస్తుంది, పోతుంది. ఇక్కడ గారు అలవాటైన నోటికి అక్కడ సాన్ పెట్టడం సులువు, తీయడమే కష్టం.

దీనికీ ఓ మినహాయింపు ఉంది. అదే తనాకా భార్య ఆఫీసుకు ఫోన్ చేసిందనుకోండి. ఆమె బయటి మనిషే కదా అని ‘తనాకా లేడు’ అంటే మళ్లీ తప్పు. ఆమెకు తనాకా ఇంటి మనిషి, అంటే ఆమె ‘ఉచి’. ఆఫీసు కన్నా ఆమెకే అతను దగ్గర. కాబట్టి ఇంటివాళ్లతో మాట్లాడేటప్పుడు ‘తనాకా-సాన్’ తిరిగొచ్చేస్తుంది. ఫోన్ ఎత్తగానే అవతల ఎవరో తెలిసేదాకా నోరు జారకూడదు. కొత్తగా ఉద్యోగంలో చేరే జపాన్ యువతకే కంపెనీలు దీని మీద విడిగా ట్రైనింగ్ ఇస్తాయి. విదేశీయులకే కాదు, అక్కడ పుట్టి పెరిగినవాళ్లకూ ఇది నేర్చుకుంటేనే వస్తుంది.

ఇంట్లోనూ అంతే. సొంత తండ్రి గురించి బయట చెప్పేటప్పుడు ‘చిచి’, తల్లి గురించి ‘హహ’. ఎదుటివాళ్ల తండ్రి అయితే ‘ఒతోసాన్’, తల్లి అయితే ‘ఒకాసాన్’. ఈ రెండు మాటల చివరా ఉన్నది అదే సాన్. ఇంట్లో తండ్రిని పిలిచేటప్పుడు మాత్రం ఒతోసాన్ అనే పిలుస్తారు. ఉద్యోగ ఇంటర్వ్యూలో ‘మా ఒతోసాన్ రైతు’ అంటే ఇంకా చిన్నపిల్లాడి మాట పోలేదనుకుంటారు.

పదవి ఉంటే సాన్ అక్కర్లేదు

ఆఫీసు లోపల పదవితో పిలవడం పాత ఆనవాయితీ. సెక్షన్ హెడ్ అయితే ‘కచో’, డిపార్ట్‌మెంట్ హెడ్ అయితే ‘బుచో’, కంపెనీ అధ్యక్షుడు ‘షచో’. తనాకా-బుచో అంటే చాలు, ఆ పదవే గౌరవం. మెయిల్‌లో మర్యాద కోసం ‘తనాకా-బుచో-సమ’ అని రెండు తగిలిస్తే వినయం కాదు, తెలియనితనం బయటపడుతుంది. మన దగ్గర ‘శ్రీ ఫలానావారి గారు’ అని రాసినట్టు. బయటి కంపెనీకి చెప్పేటప్పుడు ఇదీ తిరగబడుతుంది. ‘తనాకా-బుచో’ అనకుండా, ‘బుచో నొ తనాకా’, అంటే డిపార్ట్‌మెంట్ హెడ్ అయిన తనాకా అంటారు. పదవి పేరు వెనక ఉంటే గౌరవం, ముందుకొస్తే ఒట్టి సమాచారం.

ఇప్పుడు చాలా కంపెనీలు ఈ పదవుల పిలుపులు పక్కనపెట్టి పైనుంచి కింది వరకు అందరూ సాన్ అనే పిలుచుకోవాలని చెబుతున్నాయి. ఆఫీసు చాట్‌లో పేరు ట్యాగ్ చేశాక కూడా వెనకాల ‘సాన్’ అని టైప్ చేసే అలవాటు అక్కడ మామూలే. ట్యాగ్ ఒక్కటే వదిలేస్తే మొరటుగా అనిపిస్తుందట.

సమ, కున్, సెన్సే.. ఎవరికి ఏది?

సాన్ పుట్టిందే ‘సమ’ నుంచి. సాన్‌ను చిన్నపిల్లలు పలకలేక పలికిన రూపమే ‘చాన్’ అంటారు. అంటే ఈ మూడూ ఒకే ఇంటివి. అన్నిటికన్నా పెద్దది సమ. దేవుడు ‘కమి-సమ’. షాపుకొచ్చిన కస్టమర్ ‘ఒక్యాకు-సమ’. చందమామను కూడా ‘ఒత్సుకి-సమ’ అంటారు. మనం చంద్రుణ్ని మేనమామను చేసుకున్నాం, వాళ్లు సమ పెట్టి దండం పెట్టుకున్నారు.

సమ ఎక్కువగా కనిపించేది ఉత్తరాల్లో, బిజినెస్ మెయిల్స్‌లో. ఎదుటివారి పేరు వెనక సమ. కంపెనీకో, ఆఫీసుకో పంపితే మనిషి పేరు ఉండదు కాబట్టి ‘ఒన్‌చూ’ అని వేరే మాట. ఇందులో ముచ్చటైన పద్ధతి ఒకటుంది. జపాన్ కంపెనీ లేదా పెళ్లివారు జవాబు కోసం తమ చిరునామా అచ్చేసిన కార్డు పంపుతారు. సొంత పేరుకు సమ పెట్టుకోకూడదు కనుక దాని కింద ‘యుకి’ అని, అంటే ‘ఫలానావారికి చేరాలి’ అని మాత్రమే ఉంటుంది. జవాబు పంపేవాళ్లు ఆ యుకిని గీతలతో కొట్టేసి, పక్కన చేత్తో సమ అనో, ఒన్‌చూ అనో రాసి పోస్ట్ చేయాలి. వాళ్లు తగ్గించుకున్నారు, వీళ్లు పెంచి తిప్పి పంపారు. కొట్టేయకుండా అలాగే పంపితే గమనించేవాళ్లు గమనిస్తారు.

కున్ అంటే ఎక్కువగా అబ్బాయిలకు, తమకన్నా చిన్న మగవాళ్లకు. పై అధికారులు ఆడ ఉద్యోగులను కూడా కున్ అనడం ఉండేది, ఇప్పుడు పాతబడింది. కున్ అసలు పెద్దరికం చూపించాలంటే జపాన్ పార్లమెంట్‌కు వెళ్లాలి. అక్కడ సభాధ్యక్షుడు ప్రధానమంత్రిని సైతం ‘ఫలానా-కున్’ అనే పిలుస్తారు. 1993లో ప్రతినిధుల సభకు తొలి మహిళా స్పీకర్ అయిన తకాకో దోయి దీన్ని మార్చి అందరినీ సాన్ అని పిలిచారు. ఆమె తర్వాత కున్ మళ్లీ వచ్చేసింది. బడుల్లో మాత్రం గాలి అటు వీస్తోంది. అబ్బాయిలకు కున్, అమ్మాయిలకు సాన్ అన్న పాత పద్ధతి పోయి, పిల్లలందరినీ సాన్ అని పిలిచే స్కూళ్లు పెరిగాయి.

సెన్సే అంటే టీచర్ ఒక్కరే కాదు. డాక్టర్, లాయర్, రాజకీయ నాయకుడు, మాంగా బొమ్మలు వేసే ఆర్టిస్టు.. అందరూ సెన్సేలే. టీచర్ తన గురించి చెప్పుకునేటప్పుడు మాత్రం ‘క్యోషి’ అనాలి, సెన్సే అనకూడదు. రాజకీయ నాయకులను సెన్సే అనడం మీద అక్కడే విసుగు ఉంది. 2022లో ఒసాకా ప్రిఫెక్చర్ అసెంబ్లీ అయితే సభ్యులను సెన్సే అని పిలవడం మానేయాలని నిర్ణయం కూడా తీసుకుంది.

ఇంకొన్ని పనిని బట్టి వచ్చే తోకలు. బేస్‌బాల్ స్టార్ ఒతానీ వార్తల్లో ‘ఒతానీ-సెన్షు’, అంటే క్రీడాకారుడు ఒతానీ. పై రెండు విభాగాల సుమో వీరులకు ‘జెకి’. సినిమా డైరెక్టర్లకు ‘కంతోకు’. ‘ఆర్ఆర్ఆర్’ 2022 అక్టోబర్‌లో జపాన్‌లో విడుదలై సంచలనం చేశాక అక్కడి మీడియాలో మన జక్కన్న ‘రాజమౌళి-కంతోకు’ అయిపోయారు. అభిమానుల నోటా అదే.

ఈ తోక లేకపోతే ఎంత బరువుంటుందో టీవీ వార్తల్లో తెలుస్తుంది. ఒకప్పుడు జపాన్‌లో ఎవరైనా అరెస్టైతే చాలు, వార్తల్లో ఒట్టి పేరుతో చదివేసేవారు. కోర్టు తేల్చకముందే నేరస్తుడన్న ముద్ర పడిపోయేది. 1980ల్లో ఆ పద్ధతి మారి, పేరు వెనక ‘యోగిషా’, అంటే అనుమానితుడు అని చేర్చడం మొదలైంది. ఇది కూడా ఇరకాటమే. 2018లో ఓ పేరున్న పాప్ గ్రూప్ గాయకుడు పోలీసు కేసులో చిక్కితే, అరెస్ట్ కాలేదు కాబట్టి యోగిషా అనలేక, సాన్ అనడానికి మనసొప్పక, చానెళ్లు అతన్ని పేరు వెనక ‘మెంబర్’ తగిలించి చదివాయి. ఆ పిలుపు మీద సోషల్ మీడియాలో జోకులు పేలాయి.

‘మీరు’ అనాలంటే?

పేరు తెలియనప్పుడు ‘మీరు’ అనేస్తే సరిపోతుందనుకుంటే పొరపాటే. పాఠ్యపుస్తకంలో ‘మీరు’కు ‘అనత’ అని ఉంటుంది. దాన్ని పట్టుకుని బాస్‌ను అనత అంటే మొహం మాడిపోతుంది. పెద్దవాళ్లను, కస్టమర్లను అనత అనరు. భార్య భర్తను ‘ఏవండీ’ అన్నట్టు పిలవడానికి మాత్రం ఈ మాట వాడేవారు. 1952లో జపాన్ జాతీయ భాషా మండలి ఇకపై వాడాల్సిన మర్యాద మాటలంటూ ఓ పత్రం ఇచ్చింది. పేర్లకు సాన్, ఎదుటివారికి అనత ప్రామాణికం అని అందులో ఉంది. జనం మొదటిది తీసుకున్నారు, రెండోది పట్టించుకోలేదు.

అనతకే కాదు, ఎదుటి మనిషిని సూటిగా చూపించే మాటలన్నిటికీ అక్కడ అదే గతి. ‘ఒమాయె’, ‘కిసమ’ రెండూ ఒకప్పుడు గౌరవంగా పుట్టిన మాటలే. కిసమలో ఉన్నది సాక్షాత్తు ఆ సమే. ఇప్పుడు ఒమాయె అంటే ‘ఒరేయ్’ లాంటిది, కిసమ అంటే కొట్లాటకు దిగినట్టే. అందుకే ఎదురుగా ఉన్న తనాకాతో మాట్లాడుతూ కూడా ‘మీరు భోంచేశారా’ అనకుండా, ‘తనాకా-సాన్ భోంచేశారా’ అనే అడుగుతారు. తెలుగు చెవికి ఇంకెవరి గురించో అడిగినట్టు ఉంటుంది.

పేరే తెలియకపోతే పనిని పిలవొచ్చు. పోలీసు ‘ఒమవారి-సాన్’, డ్రైవర్ ‘ఉంతెన్షు-సాన్’, రొట్టెల షాపతను ‘పన్యా-సాన్’. ఎదుటి కంపెనీకి కూడా ‘తొయోతా-సాన్’ అంటూ సాన్ పెడతారు. కన్సాయ్ ప్రాంతంలో తిండికీ గౌరవం ఉంది. చప్పరించే బిళ్లను ఒసాకా పెద్దావిడలు ‘అమె-చాన్’ అంటూ సంచిలోంచి తీసి పంచుతారు.

వయసును బట్టి వరస కలపడం మాత్రం ప్రమాదం. ‘ఒబసాన్’ అంటే ఆంటీ. మధ్యలో దీర్ఘం ఇచ్చి ‘ఒబాసాన్’ అంటే బామ్మ. నలభై ఏళ్ల ఆవిడను ఆంటీ అన్నా అక్కడా కోపమే, దీర్ఘం ఎక్కువై బామ్మ అయిందంటే ఇక అంతే. దారి అడగడానికి వరసలేవీ అక్కర్లేదు, ‘సుమిమాసెన్’ అంటే చాలు. మన ‘ఏవండీ, ఒక్క నిమిషం’ లాంటిది.

సంరక్షణ కేంద్రాల్లో పని చేయబోయేవాళ్లు ఇది మరీ జాగ్రత్తగా పట్టుకోవాలి. ఎనభై, తొంభై ఏళ్ల పెద్దలను అభిమానంతో ‘తాతా’, ‘బామ్మా’ అన్నట్టు పిలవాలని మన మనసుకు అనిపిస్తుంది. పేరుకు చాన్ పెట్టి ముద్దుగా పిలవాలనీ అనిపిస్తుంది. అక్కడ అది పెద్దమనిషిని పసివాణ్ని చేసి చూడటం కింద లెక్క. ఇంటిపేరు, సాన్. మంచం పట్టిన మనిషైనా, ఎదుటివాళ్లు ఎవరో గుర్తులేని మనిషైనా అంతే. అలాగని సమ పెట్టినా అతి అవుతుంది. 2001లో ఆరోగ్య శాఖ సూచనతో జాతీయ ఆసుపత్రుల్లో రోగులను సమ పెట్టి పిలవడం మొదలుపెట్టారు. హోటల్‌లో అతిథిని పిలిచినట్టుందని, దూరం పెరుగుతోందని విమర్శలు రావడంతో చాలాచోట్ల మళ్లీ సాన్‌కే వచ్చారు.

క్రియలు కూడా మారతాయి

పేర్లతోనే అయిపోదు. రావడం, వెళ్లడం, తినడం, చెప్పడం లాంటి మామూలు క్రియలకు కూడా ఎదుటివాళ్లను పెంచే రూపం ఒకటి, తమను తగ్గించుకునే రూపం ఒకటి వేరువేరుగా ఉన్నాయి. 2007లో జపాన్ సాంస్కృతిక వ్యవహారాల మండలి మర్యాద భాషను ఐదు రకాలుగా విడదీసి మార్గదర్శకాలు ఇచ్చింది. ఐదూ ఒక్కరోజులో వచ్చేవి కావు. అయితే తగ్గించుకునే రూపం అనగానే బెంబేలెత్తాల్సిన పనిలేదు. ‘చెప్పాను’ అనకుండా ‘మనవి చేసుకున్నాను’, ‘ఇచ్చాను’ అనకుండా ‘సమర్పించుకున్నాను’ అనడం తెలుగులో ఉన్నదే. మనం సభల్లో, అర్జీల్లో వాడతాం. వాళ్లు ఫోన్ ఎత్తిన ప్రతిసారీ వాడతారు.

క్రియ తప్పినా విదేశీయుడు కదా అని జపాన్ వాళ్లు సర్దుకుపోతారు. పేరు దగ్గర తప్పితే అంత తేలిగ్గా మర్చిపోరు. అందుకే అక్కడ విజిటింగ్ కార్డు అందుకోగానే జేబులో కుక్కరు. రెండు చేతులతో తీసుకుని, ఇంటిపేరు ఎలా పలకాలో అప్పుడే అడుగుతారు. మీటింగ్ అయ్యేదాకా కార్డులను ఎదురుగా ఎవరు ఎక్కడ కూర్చున్నారో అదే వరసలో టేబుల్ మీద పెట్టుకుంటారు. అక్షరం చూసి పలకడం జపాన్ వాళ్లకే ఒక్కోసారి కష్టం కాబట్టి, ‘మీ పేరు ఎలా పలకాలి’ అని అడగడంలో నామోషీ లేదు.

ఇక మన పేర్ల సంగతి. జపాన్‌లో ఇచ్చే రెసిడెన్స్ కార్డు మీద పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు పడుతుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ దగ్గర ఇంటిపేరు రాసుకున్నవాళ్లను ఆఫీసులో, బ్యాంకులో, ఆసుపత్రిలో ఆ ఇంటిపేరుకే సాన్ తగిలించి పిలుస్తారు. సొంతూరులో ఎవరూ నోట పలకని ఇంటిపేరు అక్కడ రోజంతా వినిపిస్తుంది. సర్‌నేమ్ ఖాళీగా వదిలేసి మొత్తం పేరు ఒకేచోట రాసుకున్నవాళ్ల పరిస్థితి ఇంకా గమ్మత్తు. కౌంటర్ దగ్గర ఆ పొడుగు పేరంతా జపనీస్ ఉచ్చారణలో ముక్కలు ముక్కలుగా చదివి చివర్లో సాన్ పెడతారు.

దీనికి చాలామంది వాడే దారి ఒకటుంది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు పరిచయంలోనే, ‘సురేశ్ తొ యొందె కుదసాయ్’ అనేయడం. అంటే ‘సురేశ్ అని పిలవండి’ అని. ఇక్కడ సాన్ పెట్టుకోకూడదు, మన పేరు మనమే చెప్పుకుంటున్నాం కాబట్టి. అవతలివాళ్లు చిరునవ్వుతో తల వంచి, ‘అలాగే, సురేశ్-సాన్’ అంటారు.